కొమ్ము

పదకొండేళ్లు కొమ్ములే విరిచాను.
పాత గుంతకల్లు మునిసిపల్ బడిలో, ఏడో తరగతి బి సెక్షన్లో,
చేతిలో స్కేలుతో.
బస్సు కాదురా, బస్.
గ్లాసు కాదు, గ్లాస్.
మాట చివర ఆ కొమ్మెవడు తగిలించమన్నాడు నిన్ను?
ఎర్రిస్వామి లేచి నిలబడి
పళ్ల మధ్య హల్లును గట్టిగా పట్టుకొని
ఊపిరి బిగబట్టి, "బస్" అనేవాడు.
కూర్చున్నాక, నాకు వినపడేట్టే,
"సు" అని వదిలేసేవాడు.

ఇప్పుడు టేబులు మీద కాగితం.
(టేబులే. ఇంట్లో నేనూ అంతే.)
ఒసాకా పక్కన ఊరు,
గుంతకల్లు పక్కన గుత్తి ఉన్నట్టు.
ఏప్రిల్లో బడి తెరుస్తారట.
ఏప్రిలంటే నాకు ఒంటిపూట బడి,
కుండ మీద బోర్లించిన స్టీలు చెంబు,
కాలే ఇసుకలో చెప్పుల్లేకుండా
ఎగిరెగిరి ఇంటికి పోయే తిప్పమ్మ.
అక్కడ ఆ నెలలో పూలు పూస్తాయంటారు.
పూయనీ.

రాత్రి ఎనిమిదింటికి ఫోన్లో పాఠం.
చెప్పేది హిసాయో గారు.
మనలాగే క్రియ చివర్నే వస్తుందట,
వాక్యమంతా నడిపించి
అవునో కాదో ఆఖరి దాకా తేల్చకుండా ఉండొచ్చు,
నా సెలవు చీటీ పట్టుకొని
మా హెడ్మాస్టరు సత్యోజీరావు ఉన్నట్టు.

మొన్న, ఇంగ్లిషు నుంచి వాళ్లు తెచ్చుకున్న మాటలు.
బస్సు, బసు.
గ్లాసు, గురాసు.
క్లాసు, కురాసు.
నేను నోట్సు రాయడం ఆపేశాను.
స్కూలు, సుకూరు.
వెనక బెంచీలో ఎవరో నవ్వారు.

బంతిని బోరు అంటారు, అందావిడ.
ఏదీ, ఇంకోసారి?
బోరు.
మా వైపు బోరంటే
కుళ్లాయప్ప వాళ్ల నాయన మూడు చోట్ల వేయించింది.
తొమ్మిదొందల యాభై అడుగులు, దుమ్ము.
రెండోది వెయ్యి దాటింది, మళ్లీ దుమ్మే.
మూడోదానికి శెనక్కాయల డబ్బూ వాళ్లమ్మ కమ్మలూ.
ఆ గుంత మీద రాయి కప్పారు.
వాడు దాని మీదే కూర్చొని హోంవర్కు రాసేవాడు.
రేపు అక్కడి పిల్లోడెవడో మైదానంలో నా వైపు తన్ని
"సెన్సే, బోరు!" అని అరిస్తే
కాలు ఆడించాల్సింది పోయి
తొంగి చూస్తానేమో.

స్టాఫ్ రూంలో వహీదా టీచరు
ఉగ్గాని డబ్బా మూత తీస్తూ,
"మేయ్, జపాను పోతే కొమ్ములు మొలుస్తాయా నీకు?"
జీతమెంతో చెప్పాను.
కాసేపు బజ్జీ నమిలింది.
"మొలుస్తాయిలే" అంది.

గొడుగు కొన్నాను. ఎండకేనా, అన్నాడు షాపాయన.
వానకి, అన్నాను.
మళ్లీ ఒకసారి నా మొహం చూశాడు.

ఇంటర్వ్యూలో అడిగారు, నేల కదిలితే ఏం చేస్తావని.
బల్ల కింద దూరతానని, చదువుకున్నదే చెప్పాను.
గూడ్సు బండి పోయినప్పుడల్లా
అలమరాలో గ్లాసులు గలగలమనే రైల్వే క్వార్టర్సులో పెరిగానని,
నేల కదలని రాత్రి మాకు నిద్ర పట్టేది కాదని
చెప్పలేదు.

నిన్న వీసా పని మీద చెన్నై బండి కోసం నిలబడితే
నీళ్ల బాటిళ్ల బుట్టతో ఎర్రిస్వామి. మీసాలొచ్చాయి.
"యాడికి టీచర్?"
"జపాన్."
"జపానుకా!"
నేను దిద్దలేదు.
"ఆడ బస్సునేమంటారు?"
"బసు" అన్నాను.
బుట్ట దించాడు. పెదాలతో రెండుసార్లు అనుకొని చూశాడు.
"ఒత్తు పోయింది గానీ కొమ్ముంది గదా."
తర్వాత, కోపమేం లేకుండానే,
"మరి నన్నెందుకు కొట్టినావు టీచర్?"

నాలుగో నంబరు మీదికి ఏదో బండి వస్తోందని
మూడు భాషల్లో చెబుతున్నారు.
ఒక బాటిలు నా చేతిలో పెట్టి వాడు పరుగెత్తాడు.
ఇవ్వబోయిన ఇరవై రూపాయలు
ఇంకా నా దగ్గరే ఉన్నాయి.